చేలో గది అద్దెకివ్వండి, చేను కాదు

(పెద్దారవీడు మండల రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మిర్చి ధర మీద మాట్లాడేవాళ్లు ఉన్నారు, వెలిగొండ మీద మాట్లాడేవాళ్లు ఉన్నారు. నాకిచ్చిన అంశం కొంచెం వింతగా ఉంటుంది. చేలో కట్టుకున్న ఇల్లో, ఊళ్లో తాళం పడిన ఇల్లో మనం వాడుకోని రోజుల్లో యాత్రికులకు అద్దెకిచ్చే సంగతి. "రైతు సంఘానికి లాడ్జీల గొడవ ఎందుకయ్యా?" అని ఒక పెద్దాయన ఇందాక టీ దగ్గరే అడిగాడు. ఎందుకంటే ఈ మధ్య సంఘం ఆఫీసుకు దీనికోసమే సలహా అడగడానికి వచ్చేవాళ్లు పెరిగారు. వచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ ఒక కాగితం ఉంటోంది. ఆ కాగితం వాళ్లు రాసింది కాదు. హైదరాబాదు నుంచో ఒంగోలు నుంచో కారులో వచ్చిన మనిషి ఇచ్చిపోయింది. సంతకం పెట్టకముందే మనం మాట్లాడుకుంటే మంచిదని ఈ అంశం పెట్టించాను.

ముందు మన ఉన్న చోటు సంగతి చూడండి. హైదరాబాదు నుంచి శ్రీశైలం మీదుగా దోర్నాల దిగివచ్చే జాతీయ రహదారి మన మండలంలోనే, తోకపల్లి దగ్గరకొచ్చి ఆగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం 50 కిలోమీటర్లకు అటూఇటూ. అదంతా పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట ఫారెస్టు గేటు వేసేస్తారు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి సాయంత్రం బయలుదేరిన కుటుంబం గేటు పడిందంటే ఈ పక్కనే ఎక్కడో రాత్రి గడపాలి. కార్తీక మాసంలో, శివరాత్రి ముందు వారం రోజులు కొండపైన గది దొరకదు. పిల్లల్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి పెట్రోలు బంకు దగ్గర తెల్లవార్చే వాళ్లను మీరందరూ చూసే ఉంటారు. అంటే గది కావలసిన మనిషి ఉన్నాడు, మన దగ్గర గది కూడా ఉంది. మన ప్రాంతంలో వానల్లేక, బోర్లు ఎండి, పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో గుంటూరుకో వలసపోయి ఊళ్లలో ఎన్ని మిద్దెలకు తాళాలు పడ్డాయో లెక్క మీకే తెలుసు.

ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. శ్రీశైలంలో సత్రాలు చూడండి. ఒకాయన గది కట్టించడానికి డబ్బిస్తాడు, గుమ్మం మీద తల్లిదండ్రుల పేరు రాయించుకుంటాడు. ఆయన కుటుంబం దర్శనానికి వచ్చినప్పుడు ఆ గది వాళ్లది, మిగతా రోజులు యాత్రికులది. ఆ వచ్చే అద్దెతో సత్రం బాగోగులు చూస్తారు. అమెరికాలో, ఐరోపాలో కొండల్లో చెక్క ఇల్లు కట్టుకుని, సెలవులకు తాము వెళ్లి, మిగతా రోజులు అద్దెకిస్తారని మా అబ్బాయి చెప్తుంటాడు. మనవాళ్లు ఆ పని దేవుడి పేరు మీద ఎప్పటినుంచో చేస్తున్నారు.

నాకు బత్తాయి తోటలో రెండు గదుల చిన్న మిద్దె ఉంది. మోటారు సామాను, ఎరువులు పెట్టుకోవడానికి మొదలుపెట్టి, మనవలు వస్తే ఉంటారని కాస్త పెంచి కట్టుకున్నాం. కార్తీకంలోనూ ఎండాకాలం సెలవుల్లోనూ కొన్ని రోజులు తెలిసినవాళ్ల ద్వారా వచ్చేవాళ్లకు ఇస్తున్నాం. కాబట్టి నేను చెప్పేది వద్దని కాదు. ఎట్లా ఇవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నదే నా మాట.

లెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే కారులో వచ్చిన మనిషి కూడా లెక్కతోనే మొదలుపెడతాడు. ఆయన లెక్క ఎట్లా ఉంటుందంటే రోజుకు రెండు వేలు, నెలకు అరవై వేలు, ఏడాదికి ఏడు లక్షలు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మన వైపు ఏడాదికి ముప్పై రోజుల కార్తీకం ఒకటే వస్తుంది. జూలైలో మంగళవారం రాత్రి మన చేలో పడుకోవడానికి ఎవరొస్తారు?

నేను మామూలు లెక్క ఒకటి వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి. రెండు గదులు. ఏడాదిలో 60 రాత్రులు రెండూ నిండాయి అనుకుందాం. గదికి రాత్రికి 1,200. మొత్తం 1,44,000. ఆన్‌లైన్ కంపెనీ ద్వారా వస్తే నూటికి పదిహేను కమీషన్ అనుకోండి, 21,600 పోయింది. దుప్పట్లు ఉతకడం, సబ్బులు, కరెంటు, ఊడ్చి తుడిచే మనిషి కూలి, గదికి రాత్రికి 300 చొప్పున 36,000. కుళాయి విరుగుతుంది, గీజరు కాలుతుంది, సున్నం వేయాలి, 15,000. మిగిలింది 71,400. ఇప్పుడు ఆ గదుల కోసం ఆరు లక్షలు అప్పు చేశామనుకుంటే, నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ అయినా 72,000. అంటే ఏడాదంతా పక్కలు వేసి, పక్కలు తీసి, మనం బ్యాంకుకు పని చేసినట్టు. అసలు కదలదు. అదే ఉన్న ఇంటికి లక్షో లక్షన్నరో చేతి డబ్బు పెట్టి, మరుగుదొడ్డి బాగు చేసి, కిటికీలకు దోమతెర బిగించి ఇస్తే, ఆ డెబ్బై వేలు పిల్లల ఫీజుకో మందు బస్తాలకో వస్తాయి. ఎకరా కంది వేసి వాన కోసం ఆకాశం చూసే మనిషికి డెబ్బై వేలు చిన్న మొత్తం కాదు. కాబట్టి ఉన్న ఇల్లు వాడండి. అప్పు చేసి అద్దె గదులు కట్టకండి. అప్పు చేయాలంటే ముందు బోరుకో డ్రిప్పుకో చేయండి.

మా ఇంట్లో వచ్చిన అసలు పేచీ డబ్బు దగ్గర రాలేదు. యాత్రికుడికి గది కావలసిన రోజు, మన పిల్లలు ఇంటికొచ్చే రోజు ఒకటే. సంక్రాంతికి కూతురు అల్లుడు వస్తారు. శివరాత్రికి హైదరాబాదు బంధువులు దర్శనానికి దిగుతారు. వేసవికి మనవలు. గిరాకీ కూడా అప్పుడే. ఇంటి ఆడపడుచు పండక్కి వస్తానంటే "గది బుక్కయిపోయిందమ్మా" అని చెప్పే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఉగాది నాడే కొత్త క్యాలెండరు తీసుకుని మనవాళ్లకు కావలసిన రోజులకు ఎర్రగీత కొడుతుంది. ఆ రోజులు ఎంతిస్తామన్నా ఎవరికీ లేవు. ఇల్లు మనది, మిగిలిన రోజులే అద్దెవి. ఆదాయం కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఆవిడ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన మహిళా సభ్యులు పోయిన సమావేశంలో అడిగిన ప్రశ్నకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. అతిథులు వస్తే మగవాడు గేటు దగ్గర నిలబడి నమస్కారం పెడతాడు, డబ్బు జేబులో వేసుకుంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నీళ్లు కాచేదెవరు? ఎనిమిది మందికి ఇడ్లీ పిండి రుబ్బేదెవరు? వాళ్లు వదిలిపోయిన గది కడిగేదెవరు? తొమ్మిదింటికి మళ్లీ మిరపకాయలు కోయడానికి చేలోకి పోవాలి కూడా. నేను ఇందాక వేసిన లెక్కలో తుడిచే మనిషి కూలి రాశాను. ఆ మనిషి ఇంటి ఇల్లాలే అయితే ఆ కూలి ఆమె చేతికి, ఆమె బ్యాంకు ఖాతాకు పోవాలి. వంటకు వేరే. భోజనం పెట్టడం ఇష్టం లేకపోతే పెట్టనవసరం లేదు, గది మాత్రమే ఇస్తామని చెప్పొచ్చు. దోర్నాలలో, కుంటలో హోటళ్లు ఉన్నాయి, తిని వస్తారు. ఇంట్లో ఆమె ఒప్పుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. సంఘం తరఫున ఇది గట్టిగానే చెప్తున్నాను.

అన్నదమ్ముల సంగతీ అంతే. ఊళ్లో ఉన్న పాత మిద్దె చాలాచోట్ల ఉమ్మడిది. ఒకడు ఇక్కడ ఉంటాడు, ఇద్దరు బయట ఉంటారు, అక్కచెల్లెళ్లు అత్తవారిళ్లలో ఉంటారు. అద్దె రానంతకాలం ఆ ఇంటిని ఎవరూ పట్టించుకోరు. కప్పు కారినా అడగరు. నాలుగు రూపాయలు వచ్చాయని తెలియగానే అందరికీ వాటా గుర్తొస్తుంది. గుర్తు రావడంలో తప్పేం లేదు, అది వాళ్ల హక్కు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కాబట్టి ముందే కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఊళ్లో ఉండి పని చేసేవాళ్లకు ముందు కూలి. తర్వాత ఇంటి మరమ్మతులు. ఆ పైన మిగిలితే వాటాలు. ఎవరికి ఏ పండక్కి ఇల్లు కావాలో కూడా అందులోనే రాయండి. అందరూ సంతకాలు పెట్టండి. అద్దె డబ్బుకంటే అన్నదమ్ముల వ్యాజ్యానికి ఎక్కువ ఖర్చవుతుంది, మార్కాపురం కోర్టు ముందు టీ కొట్టువాణ్ణి అడిగినా చెప్తాడు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది కొంచెం విసుగ్గా ఉంటుంది, కానీ మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

కరెంటు. మనకు బోరు మోటారుకు ఉచిత కరెంటు ఉంది. ఆ లైను నుంచి తీగ లాగి అద్దె గదికి ఏసీ పెట్టామనుకోండి. ఒక పని కోసం ఇచ్చిన కరెంటును ఇంకో పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం, ఆ వాడకానికి వర్తించే రేటుకు రెట్టింపు కట్టమంటారు. డబ్బు కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. రైతులకు ఉచిత కరెంటు ఎత్తేయాలని చూసేవాళ్లకు "చూడండి, ఫామ్‌హౌసుల్లో ఏసీలు తిరుగుతున్నాయి" అని చెప్పడానికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. మోటారుకు మీటర్ల గొడవ మీద మనం ఎన్ని ధర్నాలు చేశామో మర్చిపోవద్దు. ఇంటికి వేరే సర్వీసు తీసుకోండి, ఏ కేటగిరీ కిందికి వస్తుందో ఏఈ దగ్గర రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

పన్ను. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్‌ట్యాక్స్ లేదు కాబట్టి చేలో ఇంటి అద్దెకూ లేదని కొందరు చెప్తున్నారు. అది నిజం కాదు. రైతు తన సేద్యం కోసం చేను దగ్గర కట్టుకున్న ఇల్లు వరకే ఆ మినహాయింపు. అదే ఇంటిని నివాసానికో వ్యాపారానికో అద్దెకిస్తే ఆ అద్దె వ్యవసాయ ఆదాయం కాదని 2000 సంవత్సరం బడ్జెట్‌లో స్పష్టంగా చేర్చారు. డెబ్బై వేలకు పన్ను పడేంత ఆదాయం మనలో చాలామందికి ఉండదు. ఇంట్లో ఉద్యోగస్తుడు ఉండి, ఆ అద్దె అతని పేరు మీద పోతే మాత్రం చూపించాలి.

ఇల్లు ఊళ్లో గ్రామకంఠంలో ఉంటే పెద్ద చిక్కులేదు, ఇంటి పన్ను రసీదు ఉంటుంది. చేలో కొత్తగా కట్టాలంటే పంచాయతీ అనుమతి కావాలి. పెద్ద ఎత్తున కడితే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకునే వ్యవహారం వస్తుంది. 2006 నాటి నాలా చట్టం అందుకే వచ్చింది, దాన్ని 2025లో రద్దు చేశారు కాబట్టి సంతకానికి ముందు తాజా సంగతి తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి. ఎవరైనా "మొత్తం రెండెకరాలూ కన్వర్షన్ చేయించేద్దాం అన్నా" అంటే ఒప్పుకోవద్దు. కన్వర్షన్ అయిన భూమికి పంట రుణం ఏమని అడుగుతాం? మళ్లీ సేద్యపు భూమి అని రాయించుకోవడానికి ఎన్నేళ్లు తిరుగుతాం?

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఒకటుంది. ఒక గది నుంచి ఆరు గదుల వరకు, పన్నెండు పడకలు మించకుండా. అందులో నాకు నచ్చిన నిబంధన ఒకటే. ఇంటి యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. అంటే హోమ్‌స్టే అంటే కాపురం ఉన్న ఇల్లే గానీ, బోర్డు పెట్టిన లాడ్జి కాదు. నమోదు చేయించుకుంటే నష్టం లేదు. నమోదు ఉన్నా లేకున్నా వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఆధార్ నకలు ఒక పుస్తకంలో పెట్టండి. విదేశీయులు వస్తే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి, పోలీస్ స్టేషన్‌లో అడిగితే చెప్తారు. పెళ్లి కాని పిల్లలు తాగి అల్లరి చేయడానికి గది అడిగితే లేదని చెప్పే హక్కు మీకుంది. పక్క చేలో మనిషి రాత్రి నిద్రపోవాలి కదా.

ఇదంతా గది అద్దెకిచ్చే సంగతి. కారులో వచ్చిన మనిషి ఇచ్చిపోయిన కాగితంలో ఉన్నది ఇది కాదు. ఆ కాగితాల్ని నేను మూడు నాలుగు చదివాను. పదో తరగతి చదివినవాణ్ణే అయినా తెలుగు చదవగలను. వాటిలో రెండు రకాలున్నాయి.

ఒకటి లీజు. "మీ రెండెకరాలు మాకు ముప్పై ఏళ్లు ఇవ్వండి, మేం కాటేజీలు కట్టుకుంటాం, మీకు ఏడాదికి ఇంత" అని. ఏడాదికి ఇంత అన్నది ఇప్పుడు కౌలు కంటే రెట్టింపు కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అంకె ఎంత చిన్నదవుతుందో మీరే ఆలోచించండి. ముప్పై ఏళ్ల కింద ఎకరా కౌలు ఎంతో మీలో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. పైగా లోపల ఎక్కడో నాలుగో పేజీలో ఉంటుంది, వాళ్లు ఆ లీజు హక్కును బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు, ఇంకొకరికి బదలాయించవచ్చు అని. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాలి. రిజిస్టరైతే ఈసీలో మన భూమి మీద అది ఎక్కుతుంది. తర్వాత ఆడపిల్ల పెళ్లికి ఎకరా అమ్ముకుందామన్నా కొనేవాడు దొరకడు.

డి-పట్టా భూములవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. 1977 అసైన్డ్ భూముల చట్టంలో బదిలీ అంటే అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీయే. 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు హక్కు ఇస్తామని 2023లో సవరణ తెచ్చారు. ఆ తర్వాత జరిగిన రిజిస్ట్రేషన్ల మీద విచారణలూ నిలిపివేతలూ వచ్చాయి. ఈ గందరగోళంలో బ్రోకర్లే ముందుంటారు. దళితులకు, ఎరుకలకు, లంబాడీలకు దక్కిన ఎకరా అర ఎకరా భూమి రిసార్టు పేరుతో పోతే మళ్లీ తెచ్చుకోవడం మన తరం కాదు.

రెండో రకం కాగితం ఇంకా తియ్యగా ఉంటుంది. రైతు దగ్గర పదెకరాలు కొని, ఇరవై సెంట్ల చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో నాలుగు మామిడి మొక్కలు నాటి, హైదరాబాదు ఉద్యోగికి అమ్మడం. "వారాంతంలో మీరు వచ్చి ఉండండి, మిగతా రోజులు మేం అద్దెకిచ్చి నెలనెలా మీకు డబ్బు పంపుతాం" అని. అది కొనేది పట్నం మనిషే కదా, మనకేం అంటారా? మన పిల్లలు కూడా ఆ పట్నంలోనే ఉన్నారు, వాళ్లే కొంటున్నారు. నాన్న అమ్మిన చేనుకు నాలుగు రెట్లు పెట్టి కొడుకు ఇరవై సెంట్లు కొన్న సంగతి మన పక్క మండలంలోనే విన్నాను. నవ్వొస్తుంది గానీ నవ్వే విషయం కాదు.

పాతవాళ్లకు గుర్తుంటుంది, 1990లలో టేకు మొక్కల కంపెనీలు వచ్చాయి. మొక్కకు వెయ్యి కట్టండి, ఇరవై ఏళ్లకు యాభై వేలు అన్నట్టుగా ప్రచారం. మద్రాసులో అనుభవ్ ప్లాంటేషన్స్ కూలిపోయాక, 1999లో సెబీ సామూహిక పెట్టుబడి పథకాల మీద నిబంధనలు తెచ్చింది. నలుగురి డబ్బు పోగుచేసి, వాళ్ల తరఫున ఆస్తిని తామే నడుపుతూ, లాభం పంచుతామంటే ఆ కంపెనీకి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ తర్వాత కూడా ఆగలేదు. స్థలాలిస్తామని డబ్బు వసూలు చేసిన అగ్రిగోల్డ్ మునిగినప్పుడు దాదాపు 32 లక్షల మంది ఖాతాదారులు వీధిన పడ్డారు. అందులో అప్పటి మన ప్రకాశం జిల్లా కూలీలు, చిన్న రైతులు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, మన వీధుల్లోనే ఉన్నారు. అందుకని "నెలనెలా గ్యారంటీ అద్దె" అన్న మాట వినగానే ఒక్క ప్రశ్న అడగండి. సెబీ నంబరు ఏది? తర్వాత లేఔట్ అనుమతి కాగితం ఏది? ఆ రెండూ అడిగితే చాలామంది టీ కూడా తాగకుండా లేచిపోతారు.

ఈ ముక్కల వ్యాపారంలో నష్టపోయే ఇంకొకరున్నారు, వాళ్లు ఈ హాల్లో వెనక వరసలో కూర్చున్నారు. కౌలు రైతులు. పట్నం మనిషి కొన్న ఇరవై సెంట్లను ఎవరూ కౌలుకివ్వరు, చుట్టూ కంచె వేస్తారు. కంచెతో పాటు డొంక మూతపడుతుంది. గొర్రెలవాళ్లు వాగు దాకా పోవాలంటే రెండు కిలోమీటర్లు చుట్టూ తిరగాలి. వాగు పోరంబోకు మీద గేటు పెట్టి "ప్రైవేటు స్థలం" అని బోర్డు కడతారు. డొంకలు, వాగులు, మేతపోరంబోకులు ఎక్కడ మూసినా సంఘానికి ఫోటోతో సహా చెప్పండి, సర్వే నంబరు రాసివ్వండి.

నీళ్ల మాట చెప్పకుండా ఈ ప్రాంతంలో ఏ ప్రసంగమూ పూర్తి కాదు. రిసార్టు అంటే ఈత తొట్టి ఉండాలట. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు, చిన్నదే. దాన్ని ఒకసారి నింపడానికి సుమారు 22 వేల లీటర్లు కావాలి. ఎండాకాలం బత్తాయి చెట్టుకు డ్రిప్పులో రోజుకు వంద లీటర్లు అనుకుంటే అది రెండెకరాల తోటకు ఒక రోజు తడి. వెయ్యి అడుగులు వేసినా చుక్క పడని బోర్లు చూసి, కళ్లముందే చెట్లు నరికి పొయ్యిలోకి అమ్ముకున్న ఊళ్లు ఇవి. పక్కవాడి బోరు ఎండగొట్టి తొట్టిలో నింపే నీళ్ల మీద పంచాయతీలో తీర్మానం పెట్టించాలి. వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, అడిగేవాళ్లు లేకే అది బీరువాలో నిద్రపోతోంది.

మన గదికి వచ్చే అతిథికి మాత్రం నీళ్ల సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. నేను చెప్తాను. "ఇక్కడ తాగే నీళ్లు క్యాన్‌లో వస్తాయి బాబూ, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, బకెట్ స్నానం చేయండి" అని. ఎవరూ కోపం చేసుకోలేదు. పిల్లలకు చేను చూపిస్తే, కంది ఎట్లా పూస్తుందో చూపిస్తే, కల్లంలో మిరపకాయల వాసన చూపిస్తే అదే వాళ్లకు పెద్ద వింత. పోయేటప్పుడు కందిపప్పు రెండు కిలోలు, ఎండుమిర్చి కిలో కొనుక్కుపోతారు. మార్కెట్లో దళారి ఇచ్చే ధర కంటే అది ఎంత మెరుగో చెప్పక్కర్లేదు. గది అద్దె కంటే ఈ అమ్మకమే నాకు ఎక్కువ నచ్చింది. శివరాత్రికి కాలినడకన పోయే స్వాములను మాత్రం ఎవరూ అద్దె అడగొద్దు. వాళ్లకు నీడ, మజ్జిగ ఇవ్వడం మన ఊళ్ల మర్యాద, అందులోకి డబ్బు రానివ్వద్దు.

వేరేచోట్ల ఎట్లా చేశారో రెండు ముక్కలు. ఇటలీలో రైతులు తమ ఇళ్లలో గదులు అద్దెకివ్వడానికి 1985లోనే చట్టం చేశారు, 2006లో దాన్ని మార్చారు. అందులో కీలకం ఏమిటంటే సేద్యమే ప్రధానంగా ఉండాలి, అతిథుల పని దానికి అనుబంధంగా ఉండాలి. పొలానికి ఎంత పని పడుతుంది, గదులకు ఎంత పడుతుంది అని లెక్క చూస్తారు. గదుల పని మించితే అతను రైతు కాదు, హోటలువాడు, రాయితీలు ఉండవు. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానం తెచ్చింది, బారామతి వైపు అంతకుముందు నుంచే రైతులు ఈ పని చేస్తున్నారు. మన పక్కనే గిద్దలూరు–నంద్యాల దారిలో పచ్చర్ల దగ్గర అటవీశాఖ కాటేజీలు నడుపుతోంది, అక్కడ పనిచేసేది చెంచు యువకులు. ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తూ 2024లో కొత్త విధానం ప్రకటించారు. పరిశ్రమ అంటే రాయితీలు పెద్దవాళ్లకే పోతాయని మనకు అనుభవం. రెండు గదులున్న రైతుకు ఇంటి రేటు కరెంటు, పంచాయతీ స్థాయిలోనే నమోదు, భూమి కన్వర్షన్ అక్కర్లేకుండా అనుమతి, ఈ మూడూ ఇవ్వాలని మన సంఘం అడగాలి. ఇటలీ చట్టం లాగా, సేద్యం ఆపేసినవాడికి ఆ రాయితీ ఉండకూడదని కూడా అడగాలి.

చివరిగా వెలిగొండ. ఇది నా అంశంలో లేదంటారేమో, ఉంది. 1996లో ఒకసారి, 2004లో ఒకసారి శంకుస్థాపన అయింది. దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండూ తవ్వేశారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర ఆనకట్టల మధ్య నల్లమల సాగర్ నిండితే 53 టీఎంసీల పైచిలుకు నీళ్లు. నీళ్లు వస్తే మన బీళ్లు పండుతాయి, అందుకే ఇన్నేళ్లు కొట్లాడాం. అయితే నీళ్లు నిండిన మరుసటి రోజు నుంచి ఆ గట్టు మీద ఏం జరుగుతుందో నాకిప్పుడే కనిపిస్తోంది. "లేక్ వ్యూ కాటేజీ" అని బోర్డులు వస్తాయి. ఆ నీళ్ల అడుగున మన మండలంలోని సుంకేసుల, గుండంచర్ల, కలనూతల ఇళ్లు ఉంటాయి. ఆ ఇళ్లవాళ్లలో ఇంకా పూర్తి పరిహారం, పునరావాసం కోసం తిరుగుతున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఆ గట్టు మీద పడవ నడిపే లైసెన్సు గానీ, చేపల హక్కు గానీ, అతిథి గదులకు స్థలం గానీ ఇస్తే మొదట ఆ ముంపు కుటుంబాల సహకార సంఘానికే ఇవ్వాలి. బయటి కంపెనీకి టెండరు పిలవకముందే ఈ మాట జీవోలో రాయించుకోవాలి. ఒకసారి టెండరు అయిపోతే ఆ తర్వాత మనం ఆ గట్టు మీద పల్లీలు అమ్ముకోవడానికి కూడా గేటు పాసు అడగాలి.

ఇప్పుడు పని విషయం. అద్దెకివ్వాలనుకునేవాళ్లు, ఇప్పటికే ఎవరితోనైనా కాగితం రాసుకున్నవాళ్లు వచ్చే నెల సమావేశానికి పట్టాదారు పాసు పుస్తకం, 1బి, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆ అగ్రిమెంటు నకలు పట్టుకుని రండి. నకలు ఇవ్వనన్నారంటే ఆ మాట కూడా చెప్పండి. చట్టం తెలిసిన మన మిత్రుడు ఒకరు వచ్చి ఉచితంగా చూసి చెప్తానన్నారు. ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకురండి, వాళ్లు చదవకుండా ఏ కాగితమూ ఆయన చూడనన్నారు. ముంపు గ్రామాలవాళ్ల అర్జీ మీద సంతకాలు ఈ రోజే బల్ల దగ్గర తీసుకుంటున్నారు, పెట్టకుండా వెళ్లొద్దు.